నిలువని సొమ్ము

లోకమున సొమ్ము అనదగిన వస్తువులలో పెక్కింటికి ఓర్పు కలదు. బంగారము బీరువాలో తరములు గడపును. పొలము దున్నినను దున్నకున్నను గట్టు దాటి పోదు. ధాన్యము గాదెలోను, పసుపు పాతరలోను, మిరపకాయ శీతల గిడ్డంగిలోను యజమానికి మంచి బేరము కుదురు వఱకు మాటాడక పడియుండును. పాలకు మాత్రము ఆ ఓర్పు లేదు. పొదుగు విడిచిన క్షణము మొదలు వాని ఆయువు గంటలలోనికి దిగును. ఎండకాలమున చల్లార్చు యంత్రము దగ్గరలో లేనిచో నాలుగైదు గంటలకే విరుగుటకు సిద్ధపడును. ఈ సంగతిని అమ్మువానికంటె కొనువాడు బాగుగా నెఱుగును. "రేపు రావయ్యా, ఈ ధరకు ఇవ్వను" అని మిరపకాయల వర్తకునితో అనగల రైతు పాల వ్యానువానితో అనజాలడు. పోనీ, ధర బాగుపడిన పిమ్మట పితుకుదమన్నచో గేదె ఒప్పుకొనదు. పూటకు పూట పొదుగు ఖాళీ చేయనిచో దానికి రోగము, మనకు నష్టము. నిలువ చేయుటకు వీలులేక, ఉత్పత్తిని ఆపుటకు వీలులేక, తెల్లవారుజామున క్యానుతో రోడ్డుప్రక్క నిలుచున్న మనిషికి బేరమాడగల సత్తువ యెంత యుండునో ఊహింపవచ్చును. పాల ధరను గూర్చి మన దేశమున జరుగు వివాదములన్నియు కదిపి చూచినచో, అడుగున నుండునది ఈ సత్తువలేమియే యని నా నమ్మకము.

ఈ విషయము నాకు గ్రంథములవలన గాక సొంత లెక్కలవలన తలకెక్కినది. ఉద్యోగ విరమణానంతరము చేతికందిన కొద్దిపాటి ధనము బ్యాంకులో నిద్రించుచుండగా, హైదరాబాదులో నుండు మా మేనల్లుడు ఒక పండుగకు తెనాలి ప్రాంతమునందలి మా పల్లెకు వచ్చి, "మామయ్యా, ఈ దేశంలో పాలు తాగనివాడు ఎవడైనా ఉన్నాడా చెప్పండి. డెయిరీ కంపెనీల షేర్లు కొని ఊరుకోండి, వాటంతటవే పెరుగుతాయి" అని హితము పలికెను. పాలు త్రాగనివాడు లేకపోలేదు. దేశమునకంతకు పాలు త్రాగుట నేర్పిన వర్ఘీస్ కురియన్ తనకు మాత్రము పాలు రుచింపవని బహిరంగముగనే చెప్పుకొనెడివాడు. అయినను మేనల్లుని మాటలో యుక్తి కలదు. నన్ను వెనుకకు లాగినది మా దొడ్డిలోని గేదె. పట్టణమున ప్యాకెట్టు పాల వెల ఒకమారు ఎక్కిన పిమ్మట అంత సులభముగా దిగదు. పల్లెలో సేకరణ ధర మాత్రము వారము తిరుగకుండ దిగగలదు. ఆ రెంటి నడిమి యెడము పెరిగినపుడే పాల కంపెనీకి లాభము. కనుక ఆ షేర్లు నా యొద్ద ఉన్నచో, దొడ్డిలోని గేదెకు నష్టము వచ్చిన నెలలోనే బీరువాలోని కాగితములకు లాభము వచ్చును. ప్రొద్దున పాల కేంద్రము వద్ద ధర పెరుగవలెనని, సాయంకాలము టీ.వీ. ముందు ధర తగ్గవలెనని, ఒకే దినమున ఒకే దైవమునకు రెండు విధముల మ్రొక్కువాడనగుదును. అట్టి మ్రొక్కులు మ్రొక్కి సుఖముగ నిద్రించువారిని నేనెఱుగుదును. నాకు ఆ నేర్పు లేదు.

అందుచే మా ఊరి పాల సొసైటీకే ఆ ధనము నిచ్చెదనని పోయి అడిగితిని. కార్యదర్శి నన్ను కూర్చుండబెట్టి, చేతిలోని క్యాను మూత ప్రక్కనబెట్టి, "డబ్బు పెడతానంటే కుదరదు మాస్టారూ. పాలు పొయ్యాలి. పాలు పోసేవాళ్లు పది రూపాయలిస్తే వాటా రాస్తాం. పొయ్యనివాళ్లు పది లక్షలిచ్చినా పుస్తకంలో పేరెక్కదు" అనెను. మా గేదె పాలు కొన్నేండ్లుగా సొసైటీకే పోవుచున్నవి గదా యంటిని. ఆయన పుస్తకము త్రిప్పి, "అవి అమ్మగారి పేరుమీద ఉన్నాయండీ. వాటా కూడా ఆవిడదే" అని తేల్చెను. మా పల్లెలో పెక్కు ఇండ్ల రీతి యదియే; పొలము పురుషుని పేర, పాడి స్త్రీ పేర. కావున ఈ వ్యాసము వ్రాయు నేను సభ్యురాలి భర్తను మాత్రమే గాని సభ్యుడను కాను. నా అభిప్రాయములకు ఆ మేరకే విలువ నీయుడు.

ఆ పది రూపాయల వాటా విచిత్రమైనది. అది ఏనాటికిని పదునొకండు కాదు. బజారులో దానికి వెల కట్టువాడు లేడు; విడిచిపెట్టి పోవువానికి పెట్టిన పదియే తిరిగి వచ్చును. దానిపై లాభాంశమునకు నిబంధనలు హద్దు గీచినవి. పది వాటాలున్నను ఒక వాటాయున్నను సభలో ఎత్తదగినది ఒకే చేయి. ఏడాది చివర మిగులు ఉన్నచో అది వాటాను బట్టి గాక, ఎవరెన్ని పాలు పోసిరో ఆ లెక్కను బట్టి బోనసుగా పంచబడును. ఇంగ్లండు దేశమున రోచ్‌డేల్ పట్టణమునందు 1844లో ఇరువది యెనిమిదిమంది శ్రామికులు తలకొక పౌను వేసికొని అంగడి తెఱచినపుడు, కొన్నవానికి కొన్నంత అని పంచుకొనిన పద్ధతియే, కొనుటకు బదులు పోయుటగా మాఱి, మా పల్లెకు వచ్చి చేరినది. ధనమును ధనముగా పెంచుకొనదలచిన వానికి ఇంతకంటె నిస్సారమైన కాగితము మఱొకటి లేదు. మఱి దీనిలో పెట్టినవానికి వచ్చునదేమి?

దీనికి సమాధానము గుజరాతునందలి ఖేడా జిల్లాలో, ఎనుబదేండ్ల వెనుక దొరకును. 1945లో బొంబాయి నగరమునకు పాలు సరఫరా చేయుటకై ప్రభుత్వము ఒక పథకము నెలకొల్పి, ఖేడా పాలను సేకరించి పంపు అధికారమును పోల్సన్ అను ప్రైవేటు డెయిరీకి అప్పగించెను. నగరమున పాలకు మంచి వెల పలుకుచున్నను పితికినవానికి దానిలో ముట్టినది స్వల్పము. రైతులు సర్దార్ వల్లభభాయి పటేలును ఆశ్రయింపగా, ఆయన ఓదార్పు మాటలు చెప్పక, మధ్యవర్తిని తొలగించి మీ పాలను మీరే అమ్ముకొనుడనియు, ఆ దారిలో వచ్చు నష్టమును భరించుటకు సిద్ధముగా నున్నారాయనియు అడిగి, మొరార్జీ దేశాయిని వారి వెంట పంపెను. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున సభ జరిగినది. ఆ తరువాత పదునైదు దినములు బొంబాయికి ఖేడా నుండి పాలు పోలేదు. పితికిన పాలు నేలపాలైనవి. ఆ ఏడాది డిసెంబరు 14న జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘము త్రిభువన్ దాస్ పటేలు నాయకత్వమున రిజిస్టరయ్యెను. మొదట చేరినవి రెండు గ్రామ సంఘములు, దినమునకు వచ్చినవి రెండువందల యేబది లీటర్లకు లోపు. చరిత్రకారులు సంఘము పుట్టిన తేదీగా డిసెంబరును చెప్పుదురు. నేను మాత్రము ఆ సంఘమునకు మూలధనము చేరినది ఆ పదునైదు దినములలో ననియే భావింతును. ఒక్క రూపాయి వసూలు కాకముందే, పోయగలిగియు పోయకుండ విడిచిన పాలు దాని ఖాతాలో పడినవి.

అయినను అసలు పరీక్ష అటుపిమ్మట వచ్చెను. దీనినిగూర్చి మనవారు తగినంత ముచ్చటింపరు. గేదె తన యీత కాలమును మన అవసరమును బట్టి మార్చుకొనదు. వానలు కురిసి, పచ్చగడ్డి మొలిచి, ఎండ తగ్గిన పిమ్మట ఈనినవి ఈనినట్లే పాలు విరివిగా నిచ్చును. కనుక శీతకాలపు పాలు వేసవి పాలకు రెట్టింపు పైచిలుకుగా నుండును. బొంబాయి నగరము మాత్రము చలికాలమున రెట్టింపు పాలు త్రాగదు. మిగిలిన పాలను పథకము తీసికొననన్నది. సంఘము తన సభ్యులతో "మీ పాలలో సగము మాకు వలదు" అని చెప్పవలసి వచ్చినచో, పోల్సనుకును తనకును భేదమేమి? ఇచ్చటనే ఆ సంఘమును నడిపిన కురియన్, ఆయన మిత్రుడును డెయిరీ నిపుణుడును అయిన దలాయా అవసరమైరి. గేదె పాలను పొడి చేయుట సాధ్యము కాదని పాశ్చాత్య నిపుణులు తేల్చియుండగా, దలాయా దానిని చేసి చూపెను. యూనిసెఫ్ సంస్థ యంత్రముల విషయమునను, న్యూజిలాండు ప్రభుత్వము ధన విషయమునను తోడ్పడగా ఖేడా జిల్లాలోని ఆనందు పట్టణమున కట్టిన కర్మాగారమును 1955 అక్టోబరు 31న, సర్దార్ పటేలు జయంతినాడు, జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను.

ఈ కర్మాగారమును పరిశ్రమ యనుటకంటె గాదె యనుట సత్యమునకు దగ్గర. పాలకు పుట్టుకతో లేని ఓర్పును మనుష్యులు వానికి కల్పించిరి. చలికాలపు పాలు వెన్నయై, పొడియై, వేసవి వఱకు నిలిచియుండ నేర్చినవి. ఆనాటి నుండి ఆనందు సంఘము తన సభ్యునకు ఏ పూటను "నీ పాలు వలదు" అని చెప్పవలసిన అవసరము తప్పినది. నా దృష్టిలో పది రూపాయల వాటాకు కలిగిన ఏకైక లాభాంశము ఈ ఒక్క మాటయే. పోసిన పాలు పోసినట్లు తీసికొనబడుననెడి మాట. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి అజర్పురా గ్రామమున ఒక రాత్రి బస చేసి ఈ సంఘములను కన్నులార చూచి పోయినదియు, మరుసటి యేడు జాతీయ డెయిరీ అభివృద్ధి మండలి యేర్పడినదియు, 1970లో దేశవ్యాప్త పాల పథకమైన ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనదియు పాఠ్యపుస్తకములలో నున్న సంగతులే. ఒక్క అంశము మాత్రము చెప్పి విడిచెదను. ఆ పథకమునకు యూరోపు దేశములు దానముగా నిచ్చిన పాలపొడిని ఉచితముగా పంచియున్నచో ఇక్కడి పాల ధర పాతాళమునకు పోయియుండును; దానిని పాలుగా కలిపి నగరములలో ధరకే అమ్మి, ఆ ధనమును పల్లె సంఘములకు మళ్లించుటలో నున్న వివేకము, దానము నిచ్చినవారి ఔదార్యముకంటె గొప్పది.

ఇక మా పల్లె సంగతి. ఉదయము ఐదున్నరకు కేంద్రము తలుపు తీయుదురు. నా చిన్ననాట గాజు గొట్టములలో గంధకికామ్లము పోసి, పాలు పోసి, చేతితో త్రిప్పు యంత్రములో పెట్టి వెన్న తేల్చెడివారు. ఇప్పుడు చిన్న పెట్టె వంటి యంత్రము గొట్టముతో రవ్వంత పాలు పీల్చి, వెన్న ఇంత, వెన్న గాక మిగిలిన ఘనపదార్థము (ఎస్.ఎన్.ఎఫ్.) ఇంత అని చీటీ వెడలగ్రక్కును. గేదె పాలకు ధర లీటరుకు గాక కిలో వెన్నకు కట్టుట మా వైపు వాడుక. కిలో వెన్నకు 800 రూపాయలనుకొనుడు. నూటికి ఏడు పాళ్లు వెన్నయున్న పాలు కిలో 56 రూపాయలకు, ఆరు పాళ్లున్నవి 48 రూపాయలకు పోవును. చీటీలోని ఒక్క అంకె ఇంటికి పోవు దారిలో నడక తీరునే మార్చివేయును. "నిన్న ఏడుంది, ఇవాళ ఆరున్నరేంటి బాబాయ్? రాత్రికి రాత్రి నా గేదె మారిందా?" అని అడుగు స్త్రీకి కార్యదర్శి చెప్పగల సమాధానములు రెండే: పచ్చిగడ్డి ఎక్కువ వేసి యుందురనుట, లేక దూడ కడపటి ధారలు త్రాగియుండుననుట. రెండవది తఱచుగా నిజమే. వెన్న చివరి ధారలలోనే యుండును. అయినను యంత్రముపై అనుమానము పోదు. సంఘముల బలము ప్రసంగములలో గాక ఈ చీటీపై గల నమ్మకములో నున్నదని ఏ నాయకునకైనను చెప్పవలెననుకొందును. వారు ఐదున్నరకు లేవరు.

కార్తీకము నుండి మాఘము వఱకు పాలు పొంగును. మా కృష్ణా డెల్టాలో అదే కాలమున వరికోతలు ముగిసి గడ్డి చేతికి వచ్చును గాన మేపు ఖర్చు కొంత తగ్గవలెను. కాని కోత మిషన్లు వచ్చిన పిమ్మట గడ్డి చేలో చెదరిపోవుచు, కట్టలు కట్టు యంత్రమునకు వేఱుగా బాడుగ నీయవలసి వచ్చుటచే ఆ ఊరటయు సన్నగిల్లినది. తవుడు, పత్తిగింజల చెక్క, కంపెనీ దాణా, వీనికి పాల ధరతో చుట్టరికము లేదు. పాల ధర దిగిన వారములో అవి యెక్కిన సందర్భములు కొల్లలు. పాలు పొంగిన కాలముననే ప్రైవేటు వ్యానులు కొన్ని రావు. వచ్చినవి ధర తగ్గించును. కొన్ని డెయిరీలు వారమునకొక పూట పాలు తీసికొనమని సెలవు ప్రకటించుటయు మా తరము చూచినదే. పాలు పితుకు వానికి లేని సెలవు కొనువానికి ఎట్లు వచ్చినదని ఎవరును అడుగలేదు.

చైత్ర వైశాఖములు వచ్చునప్పటికి కథ తారుమాఱగును. గేదెలు సగము వట్టిపోవును. ఉన్నవి ఎండకు పాలు దిగలాగును. పట్టణమున పెండ్లిండ్లు, మజ్జిగ, పెరుగు, ఐస్‌క్రీములు పెరుగును. అప్పుడు ఏజెంట్లు తెల్లవారకముందే వాకిళ్లలోకి వత్తురు. సొసైటీ ఇచ్చుదానికంటె రెండు రూపాయలు ఎక్కువ యందురు. గేదె కొనుటకు అడ్వాన్సు కావలెనా యని అడుగుదురు. బిల్లు పదిహేను రోజులకు గాక వారమునకే యిత్తుమందురు. ఇవి చిన్న ఉపకారములు కావు. పిల్లవాని ఫీజు కట్టవలసిన తల్లికి అడ్వాన్సు వంటి స్నేహితుడు లేడు. ఆ అడ్వాన్సు తీరు వఱకు వేఱొకచోట పాలు పోయరాదన్న కట్టుబాటు ఆమెకు ఆ క్షణమున కనబడదు, కనబడినను లెక్కింపదగిన స్థితిలో ఆమె యుండదు.

ఈ రెండు కాలములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిమ్మట నాకు తేలినదిది. సంఘమునకు నిజమైన పెట్టుబడి వాటా పుస్తకములోని పది రూపాయలు కావు. ఎండకాలమున ప్రైవేటు వ్యాను రెండు రూపాయలు ఎక్కువ చూపినను దాని వంక పోక కేంద్రములో పోసిన పాలు. వదులుకొన్న ఆ రెండు రూపాయలే సభ్యురాలు పెట్టిన మూలధనము. చలికాలమున అందఱును త్రోసిపుచ్చిన పాలను సంఘము త్రోసిపుచ్చకుండుటయే దానిపై వచ్చు వడ్డీ. ఒక ఇల్లు వేసవిలో దినమునకు ఐదు లీటర్ల చొప్పున తొంబది దినములు పోసి లీటరుకు రెండేసి వదులుకొనెననుకొనుడు, తొమ్మిదివందలు పోయినవి. చలికాలమున ఎనిమిదేసి లీటర్లు నూరు దినములు పోయుచు, బయటి ధరకంటె మూడేసి రూపాయలు ఎక్కువ పొందెననుకొనుడు. రెండువేల నాలుగువందలు వచ్చినవి. లెక్క బాగున్నది. కాని ఈ లెక్కలో రెండవ పంక్తి మొదటి పంక్తిపై ఆధారపడియున్నది, మొదటి పంక్తి అందఱిపైనను ఆధారపడియున్నది. ఎండకాలమున సగముమంది వ్యాను వెంట పోయినచో, ప్యాకెట్ల వ్యాపారము తప్పిన సంఘము చలికాలమున మిగులు పాలను మోయజాలదు. అప్పుడు మోసపోయినది నిలిచియున్న సగము. వ్యాను వంక పోయినవారు చలికాలమున మరల క్యాను పట్టుకొని వరుసలో నిలుచుందురు. వారిని కాదనుటకు కార్యదర్శికి నోరు రాదు, వారు ఆయన బంధువులే గనుక.

పైగా ధరను కదల్చు చేయి ఎక్కడనో యుండును. ప్రపంచ విపణిలో పాలపొడి వెల ఎక్కువగా న్యూజిలాండు ఎగుమతులపై నడచుచున్నది. 2008లో మొదలై, ఇప్పుడు రెండు వారములకొకసారి జరుగు వేలములలో అది తేలుచున్నది. 1955లో మనకు పొడి కర్మాగారము కట్టించుటకు తోడ్పడిన దేశమే నేడు ఆ పొడి ధరకు పగ్గము పట్టుకొని యుండుట విధి చమత్కారము. 2013, 2014 ప్రాంతమున టన్నుకు ఐదువేల డాలర్ల దఱిదాపునకు ఎక్కిన ఆ వెల తరువాతి రెండేండ్లలో రెండువేలకు దిగువకు జాఱెను. ఎగుమతి లేక మన గిడ్డంగులలో పొడి పేరుకొనగా, పేరుకొన్నదాని భారము పాల ధరపై పడెను. 2018 జూలైలో మహారాష్ట్ర రైతులు పాలను రోడ్లపై పారబోసి ఆందోళన చేసినది ఆ భారముతోనే. 2020 వసంతమున కరోనా వచ్చి హోటళ్లు, టీ కొట్లు, పెండ్లి మండపములు ఒక్కసారిగా మూతపడగా, త్రాగువారు లేక కాదు, కాచి యిచ్చువారు లేక పాలు మిగిలెను. ఆ నెలలలో పెక్కు సహకార సంఘములు వచ్చిన పాలను తీసికొని పొడి చేసి గిడ్డంగులలో నింపి నిలిచినవి. రెండేండ్లు తిరుగునప్పటికి పశువులకు లంపీ స్కిన్ వ్యాధి, దాణా ధరల పెరుగుదల, వీనిచే కొఱత పుట్టి, 2022, 2023లలో పాల వెల నగరవాసుల నోట ప్రతిదినమును నానినది. తెనాలి దగ్గఱ పల్లెలో గేదె తోక పట్టుకొని నిలుచున్న స్త్రీకి ఈ కారణములలో ఒక్కటియు కనబడదు. చీటీలోని అంకె మాత్రమే కనబడును.

ఆంధ్ర దేశమున ఈ సంఘముల చరిత్ర అంత నిండుగ లేదు, త్వరగా దాటిపోయెదను. 1974లో డెయిరీ అభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య, విజయ అను పేర పాలు, గుంటూరు జిల్లాలో వడ్లమూడి వద్ద సంగం డెయిరీ, ఇట్లు అన్నియు వచ్చినవి. కాని పెక్కు జిల్లాలలో సంఘమును కట్టినది పైనుండి వచ్చిన అధికారి; దానికి తగినట్లే సభ్యుడు దానిని సర్కారు వారి డెయిరీ యనియే పిలిచెను. ఎవరిదో అనుకొన్నదానికి ఎండకాలమున రెండు రూపాయలు వదులుకొనువాడు ఉండడు. ఒకనాడు వెలిగిన చిత్తూరు డెయిరీ 2002లో మూతపడినది. దానికి కారణములు చెప్పువారు తమ తమ రాజకీయములను బట్టి చెప్పుదురు. నేనా జోలికి పోను.

అంతకు ముందు 1995లో నాటి మన ఉమ్మడి రాష్ట్రము దేశములో మొదటిసారిగా పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును చేసి, ప్రభుత్వ వాటాధనము లేకుండ, సభ్యుల సొమ్ముతో, సభ్యుల పెత్తనమున నడచు సంఘములకు దారి తెఱచెను. ఆ దారిని నడచినవారిలో నాకు ఎక్కువ గౌరవము నేటి తెలంగాణమునందలి ముల్కనూరు స్త్రీలపై కలదు. 1956 నుండి గ్రామీణ సహకార పరపతి సంఘము నడచిన ఆ ఊర, 2000వ సంవత్సరమున స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గముగా డెయిరీ నెలకొల్పి, స్వకృషి యను పేర పాలు అమ్ముచున్నారు. అది మెట్ట సీమ. అక్కడ పాడి పెంచుట మా డెల్టాలో వలె తేలిక కాదు. అయినను ఏటేట బోనసు పంచుచున్నారు. 2002లో కంపెనీల చట్టమును సవరించి ఉత్పత్తిదారుల కంపెనీలను అనుమతించిన తరువాత కొన్ని జిల్లా సంఘములు ఆ రూపమునకు మాఱినవి. మంచికో చెడుకో యని నన్నడిగినచో, చట్టము పేరుకంటె చీటీపై నమ్మకము ముఖ్యమందును. పాలు పోయనివాడు వాటా కొనుటకు వీలు లేకుండ నున్నంత వఱకు నాకు భయము లేదు.

క్రిందటి వేసవిలో మా సొసైటీ సర్వసభ్య సమావేశము పాఠశాల వరండాలో జరిగినది. ఏడాది మిగులును ఏమి చేయవలెనన్నది ప్రశ్న. అంతయు బోనసుగా పంచవలెనా, లేక కొంత నిధిగా నిలిపి చలికాలమున ధర పడిపోయినపుడు దానినుండి లీటరుకు ఇంతయని కలుపవలెనా? సభ్యుడను కానందున నేను గోడప్రక్క బల్లమీద కూర్చుంటిని. నా మనసంతయు నిధివైపే యుండెను, ముందురాత్రి ఇంటిలో ఆనందు కథ సమస్తమును చెప్పియుంటిని కూడ. పది గేదెలున్న ఒక రైతు లేచి నిధి ఆవశ్యకతను చక్కగా వివరించెను. అంతట రెండు లీటర్లు పోయు ఒక ముసలామె కూర్చున్నచోటినుండియే, "నిధి మంచిదే నాయనా. నా మనవడి ఫీజు జూన్‌లో కట్టాలి. నీకు పది గేదెలు, నువ్వు చలికాలం దాకా ఆగగలవు, నేను ఆగలేను" అనెను. అంతవఱకు నా లెక్కలలో ఈమె లేదు. ఎండకాలమున రెండు రూపాయలు వదులుకొనుట పెట్టుబడి యని నేను వ్రాసినంత సులభముగా, ఆ రెండు రూపాయలతో ఆ పూట గడుపుకొనువారు వదులుకొనజాలరు. నిలువ చేయుటకు కావలసిన ఓర్పు పాలకే గాదు, కొందఱు మనుష్యుల సంసారములకును లేదు. సంఘము వారికి ఆ ఓర్పును అప్పుగానైన ఈయనిచో ఏజెంటు తన అడ్వాన్సుతో ఇచ్చును. ముల్కనూరు వంటి చోట్ల పొదుపు, అప్పు, పాలు ఒకే ఊరి స్త్రీల చేతులలో నడచుటకు గల కారణము నాకప్పుడు తోచినది.

చేతులెత్తు సమయము వచ్చినది. మూడింట ఒక వంతు నిధికి, మిగిలినది బోనసుకు అని నడిమి దారి యొకరు ప్రతిపాదింపగా అదియే నెగ్గెను. మూడింట ఒక వంతే ఏల యని ఎవరును అడుగలేదు, అది బేరములో తేలిన లెక్క. మా ఇల్లాలు మాత్రము అంతయు బోనసుకే యని చేయెత్తిన కొద్దిమందిలో నుండెను. ఇంటికి వచ్చుచు కారణ మడిగితిని. "నిధి వద్దని కాదండీ. అది ఎవరి చేతిలో ఉంటుందో ఇంకో రెండు చలికాలాలు చూసి అప్పుడెత్తుతాను" అని, ఆనందు నుండి నేను తెచ్చిన ఉదాహరణములకు మఱి సమాధానము చెప్పలేదు. బోనసు చేతికి వచ్చిన వారముననే ఒక ట్రాక్టరు వరిగడ్డి కొని దొడ్డిలో వామి వేయించినది. ఆ యేడు గడ్డి వెల మరల పెరిగినందున, లెక్క వేసి చూచినచో మా యింట బ్యాంకులోనున్న ధనముకంటె ఆ వామియే ఎక్కువ గిట్టినది. ఈ సంగతి మేనల్లునికి ఇంకను వ్రాయలేదు.